ఒక్క మచ్చ ఉంటే పదకొండు

సూర్యబింబం మీద ఒకే ఒక్క చిన్న మచ్చ కనిపించిన రోజు పరిశీలకుడు పుస్తకంలో వేసుకునే అంకె 1 కాదు, 11. మచ్చ లేకపోతే 0. మధ్యలో ఉన్న ఒకటి నుంచి పది వరకు అంకెలు ఈ పద్దులో ఎన్నడూ పడవు. గుంపుల సంఖ్యని పదితో గుణించి, దానికి విడివిడి మచ్చల సంఖ్య కలపాలి. ఒక్క మచ్చయినా అది ఒక గుంపే, కాబట్టి పది ప్లస్ ఒకటి. 19వ శతాబ్దం మధ్యలో స్విట్జర్లాండ్‌లో రుడాల్ఫ్ వుల్ఫ్ పెట్టిన సూత్రం ఇది. కొత్త గుంపు పుట్టడమంటే లోపలి నుంచి కొత్తగా అయస్కాంత క్షేత్రం పైకి పొడుచుకు రావడం. ఉన్న గుంపులో ఇంకో మచ్చ చేరడం కన్నా అది పెద్ద సంగతి. అందుకే గుంపుకి అంత బరువు.

ఈ లెక్కని 1980 వరకు జ్యూరిక్ చూసుకునేది. 1981 నుంచి బ్రస్సెల్స్‌లోని బెల్జియం రాయల్ అబ్జర్వేటరీ చూస్తోంది. అక్కడి కేంద్రం పేరు సిల్సో. ప్రపంచం నలుమూలల నుంచి సుమారు ఎనభై చోట్ల పరిశీలకులు నెలనెలా తమ లెక్కలు పంపిస్తారు. వాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకునే శాస్త్రవేత్తలు కారు, ఇంటి డాబా మీద చిన్న టెలిస్కోప్ పెట్టుకున్న ఔత్సాహికులు. అమెరికాలో చరతారల పరిశీలకుల సంఘం ఎ.ఎ.వి.ఎస్.ఓ. కూడా 1944 నుంచి ఇలాంటి పట్టికే విడిగా నడుపుతోంది.

అంతరిక్షంలో ఇన్ని ఉపగ్రహాలుండగా డాబా మీద మనిషి దేనికని అడిగేవాళ్లుంటారు. 2010 నుంచి ఎస్.డి.ఓ. ఉపగ్రహం 4096 పిక్సెళ్ల వెడల్పున సూర్యుణ్ణి రాత్రీపగలూ ఫోటో తీస్తూనే ఉంది. కానీ అది వుల్ఫ్ చూసిన దానికన్నా చాలా సన్నటి చుక్కల్ని పట్టుకుంటుంది. దాని లెక్కని పాత లెక్క పక్కన పెడితే సూర్యుడే మారినట్టు కనిపిస్తుంది. నిజానికి మారింది కన్ను. ఉపగ్రహం ఆయుష్షు పదేళ్లో ఇరవై ఏళ్లో. మచ్చలు పెరిగి మళ్లీ తగ్గే ఒక విడతకే, అంటే ఒక సౌరచక్రానికే, సుమారు పదకొండేళ్లు పడుతుంది. రెండు మూడు చక్రాల్ని ఒకే కొలబద్దతో కొలవాలంటే చిన్న టెలిస్కోపూ, విసుగెత్తని మనిషీ కావాలి. ఈ చక్రాన్ని మొదట కనిపెట్టిన ష్వాబె కూడా మందుల దుకాణం నడిపినవాడే. బుధుడి కక్ష్య లోపల ఇంకో గ్రహం దొరుకుతుందేమోనని 1826 నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ సూర్యుణ్ణి చూశాడు. గ్రహం దొరకలేదు, చక్రం దొరికింది.

సిల్సో లెక్కకి ఆధార కేంద్రం స్విట్జర్లాండ్‌లోని లొకార్నో. మిగతావాళ్ల అంకెలన్నీ దానితో పోల్చి సరిచేసేవారు. తర్వాతెప్పుడో తిరగేసి చూస్తే ఆ ఆధార కేంద్రమే కొన్నేళ్లపాటు మెల్లగా పక్కకి జరిగిందని తేలింది. తేడా కొన్ని కాలాల్లో పదిహేను శాతం దాకా వెళ్లింది. దాన్ని పట్టించింది ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దశాబ్దాలపాటు ఒకే పద్ధతిలో లెక్కపెట్టుకుంటూ పోయిన మిగతా పరిశీలకుల సమూహమే. ఒక్కడి తప్పు పదిమంది లెక్కలో కొట్టుకుపోతుంది. కానీ పదిమందీ ఒకే ఫోటో చూసి రాసుకుంటే ఆ బలం పోతుంది. ఈ వ్యాసంలో ఏ పని గురించి చెప్పినా చివరికి తిరిగి వచ్చేది ఈ చోటికే: మీరు స్వతంత్రంగా చూశారా, రోజూ ఒకేలా చూశారా?

ముందు కన్ను

ఫిల్టర్ టెలిస్కోప్ ముందు భాగాన ఉండాలి. మొత్తం ద్వారాన్ని కప్పేలా ఉండాలి. చూడటానికి వాడే ఫిల్టర్ సాంద్రత 5.0, అంటే లక్షలో ఒక వంతు వెలుగు మాత్రమే లోపలికి వస్తుంది. అదే సంస్థలు అమ్మే 3.8 సాంద్రత ఫిల్మ్ కెమెరాకి మాత్రమే. పైకి రెండూ ఒకేలా మెరుస్తాయి కాబట్టి చట్రం మీద చెరిగిపోని సిరాతో రాసి పెట్టుకోండి. ఫిల్మ్‌ని డప్పులా బిగించి లాగకూడదు, కాస్త వదులుగా ముడతలు పడినా బొమ్మ చెడదు, బిగిస్తే చెడుతుంది. వాడే ముందు ప్రతిసారీ దీపానికి అడ్డంగా పెట్టి సూదిబెజ్జాలున్నాయేమో చూడండి. గాలికి ఊడిపోకుండా చట్రాన్ని మూడు చోట్ల టేపుతో గొట్టానికి అంటించండి. ఫైండర్‌కి (గురి చూసుకునే చిన్న టెలిస్కోప్‌కి) మూత పెట్టండి, లేదా పూర్తిగా తీసేయండి. ఫైండర్ మర్చిపోయి చొక్కాకి చిల్లులు పెట్టుకున్నవాళ్లు ఈ రంగంలో తక్కువేం కాదు.

ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే కటకానికి) బిగించే చిన్న సన్ ఫిల్టర్ అనే గాజుబిళ్ల పాత పెట్టెల్లో ఇంకా దొరుకుతుంది. కటకం కూడగట్టిన వేడి అంతా దాని మీదే పడుతుంది. పగిలితే కన్ను తీసుకునే వ్యవధి ఉండదు. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా పగలగొట్టి పారేయడమే మేలు.

వక్రీభవన టెలిస్కోప్ (అద్దం కాకుండా కటకం ఉన్నది) ఉన్నవాళ్లకి హెర్షెల్ వెడ్జ్ ఇంకా మంచిది. ఏటవాలు గాజు వెలుగులో ఐదు శాతం లోపే ఐపీస్ వైపు మళ్లిస్తుంది, మిగతా తొంభై ఐదు శాతం వెనక్కి వెళ్లిపోతుంది. ఆ ఐదు శాతమూ ఎక్కువే, కాబట్టి దాని వెనక 3.0 సాంద్రత ఫిల్టర్ తప్పనిసరి. అద్దాలతో చేసిన టెలిస్కోప్‌కి వెడ్జ్ పెట్టకూడదు. లోపలి చిన్న అద్దం మీదే సూర్యుడి వేడంతా పోగై, దాన్ని పట్టి ఉంచే భాగం కరిగిపోతుంది.

తెర మీద బింబం

కాగితం మీద బింబాన్ని పడేసి గీసుకునే పాత పద్ధతికి ఇప్పటికీ విలువ తగ్గలేదు. టోక్యోలోని విజ్ఞాన మ్యూజియంలో హిసాకో కోయామా 20 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో ఇలాగే నలభై ఏళ్ల పాటు పదివేలకు పైగా చిత్రాలు గీసింది. ఆమె మొదలుపెట్టింది ఔత్సాహికురాలిగానే. నాలుగు శతాబ్దాల మచ్చల లెక్కని శాస్త్రవేత్తలు తిరిగి కట్టినప్పుడు 20వ శతాబ్దపు భాగానికి ఆమె చిత్రాలు వెన్నెముకగా నిలిచాయి.

సాధారణంగా గీసే వృత్తం 15 సెంటీమీటర్లు. తెర ఎంత దూరంలో ఉండాలో లెక్క కట్టడం తేలికే. నాభ్యంతరాన్ని 107తో భాగిస్తే కటకం నాభి దగ్గర ఏర్పడే బింబం వ్యాసం వస్తుంది. 900 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కి అది 8.4 మిల్లీమీటర్లు. దాన్ని 150కి పెంచాలంటే సుమారు 18 రెట్లు. 20 మిల్లీమీటర్ల ఐపీస్ వాడితే, రెట్లకి ఒకటి కలిపి ఇరవైతో గుణించండి, 38 సెంటీమీటర్లు. ఐపీస్ నుంచి తెర అంత దూరం ఉంటే చాలు. జనవరిలో బింబం 32.5 ఆర్క్‌నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతులు), జులైలో 31.5. మూడు శాతం తేడా కాబట్టి తెరని ముందుకీ వెనక్కీ జరుపుకునే వీలుండాలి. మేకులతో శాశ్వతంగా బిగించేస్తే ఆర్నెల్లకి బింబం వృత్తంలో ఇమడదు.

ఐపీస్ హైగెన్స్ రకమో రామ్స్‌డెన్ రకమో అయ్యుండాలి, అంటే కటకాలు బంకతో అతికించనివి. ఖరీదైన ఐపీస్‌లలో కటకాల మధ్య బంక ఉంటుంది, వేడికి బుడగలొస్తాయి. లోపల ప్లాస్టిక్ ఉన్నదయితే కరుగుతుంది. ద్వారం 80 మిల్లీమీటర్లకి మించితే ముందు అట్టముక్కతో తగ్గించుకోవాలి.

తర్వాత దిక్కులు. టెలిస్కోప్‌ని సూర్యుడి వెంట తిప్పే మోటార్ ఆపేయండి. బింబం దానంతటదే తెర మీద జరుగుతుంది, ఆ జరిగే వైపే పడమర. ఒక మచ్చ అడ్డగీత మీదుగా నేరుగా జారేదాకా కాగితాన్ని తిప్పండి. ఇప్పుడు మీ గీత ఆకాశంలోని తూర్పు పడమరలతో కలిసింది. సూర్యుడి సొంత ఉత్తరం ఆకాశపు ఉత్తరానికి అటూ ఇటూ 26 డిగ్రీల దాకా వాలి ఉంటుంది. ఆ రోజు కోణం ఖగోళ పట్టికలో చూసి సరిచేయాలి. సూర్యుడి మధ్యరేఖ కూడా ఏడాదిలో మనవైపు 7.25 డిగ్రీల దాకా పైకీ కిందకీ వాలుతుంది. అందుకే అక్షాంశాలు గీసిన పారదర్శక పలకలు ఒక్కటి కాదు, వాలుని బట్టి సున్నా నుంచి ఏడు దాకా ఎనిమిది ఉంచుకుంటారు. డయాగనల్ అద్దం (చూపుని పక్కకి మళ్లించేది) వాడితే కుడి ఎడమలు తారుమారవుతాయి. చిత్రాల మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ వాటా దీనిదే, కాబట్టి మూలన "అద్దం ఉంది" అని రాసేస్తే సగం గొడవ తీరుతుంది.

లెక్క పెట్టడం

వుల్ఫ్ వాడిన ప్రామాణిక టెలిస్కోప్ 80 మిల్లీమీటర్లది, 64 రెట్లు పెంచేది. ఇప్పటికీ దాదాపు అదే కొలత సరిపోతుంది. 60 నుంచి 100 మిల్లీమీటర్ల మధ్య ఏదయినా ఫరవాలేదు, 60 నుంచి 80 రెట్లు. ద్వారం ఇంకా పెద్దదైతే వచ్చే లాభం కన్నా గాలి అలజడి వల్ల పోయేదే ఎక్కువ.

పొద్దెక్కాక ఒకటి రెండు గంటల్లో చూడటం మేలు. నేల వేడెక్కాక దాని మీది గాలి మరగడం మొదలవుతుంది. బింబం అంచు ఉడుకుతున్న గంజిలా కదులుతుంటే కాసేపు ఆగండి. కాంక్రీటు నేల కన్నా గడ్డి నేల, దగ్గర్లో గోడలు లేని చోటు నయం. టెలిస్కోప్‌ని కనీసం పావుగంట ముందు బయట పెట్టాలి, కానీ ఎండలో మూత పెట్టి ఉంచండి, లేకపోతే గొట్టం లోపలి గాలే శత్రువవుతుంది.

ముందు అంచు మీద ఫోకస్ చేసి, తర్వాత బింబం నడుమ గింజలు గింజలుగా కనిపించే ఉపరితలం మీద సరిచేసుకోండి. ఆ గింజలు కనిపిస్తే ఆ రోజు గాలి బాగున్నట్టు. తూర్పు అంచు నుంచి పడమటికి పట్టీలు పట్టీలుగా చూసుకుంటూ వెళ్లండి. గొట్టాన్ని వేలితో చిన్నగా తడితే బింబంతో పాటు కదిలేది మచ్చ, కదలనిది ఐపీస్ మీది దుమ్ము. ఐపీస్‌ని తిప్పినా అదే తేలుతుంది. అంచుల దగ్గర ఎక్కువసేపు నిలవండి. అక్కడ మచ్చలు నలిగి సన్నటి గీతల్లా ఉంటాయి. వాటి చుట్టూ తెల్లటి చారలు కనిపిస్తే అక్కడే ఏదో ఉందని అనుమానించాలి.

మచ్చ మధ్యలోని నల్లటి భాగం అంబ్రా, చుట్టూ ఉన్న బూడిదరంగు అంచు పెనంబ్రా. ఒకే పెనంబ్రాలో మూడు అంబ్రాలు విడివిడిగా ఉంటే అవి మూడు మచ్చలు. పెనంబ్రా లేని చిన్న రంధ్రం లాంటి చుక్క కూడా ఒక మచ్చే. పెద్ద మచ్చ కదా అని రెండుగా వేయకూడదు. దీని వెనక పెద్ద కథే ఉంది. జ్యూరిక్‌లో పెద్ద మచ్చలకి రెండు, మూడు, ఐదు అని బరువులు వేసే అలవాటొకటి చొరబడి, 1940ల చివరి నుంచి పట్టిక మొత్తాన్ని పదిహేను ఇరవై శాతం మధ్య ఉబ్బించింది. 2015 జులై 1న సిల్సో విడుదల చేసిన రెండో కూర్పులో ఆ ఉబ్బుని తీసేశారు.

అసలు చిక్కు మచ్చల్లో కాదు, గుంపుల్లో. ఒక గుంపుని రెండుగా విడగొడితే లెక్కలో పది తేడా. పక్కపక్కనే రెండు ముద్దలుంటే వాటి వరసని చూడండి. మామూలుగా గుంపు తూర్పు పడమరలుగా సాగి ఉంటుంది. ముందు నడిచే పడమటి మచ్చ మధ్యరేఖకి కాస్త దగ్గరగా, వెనక మచ్చ కాస్త దూరంగా ఉంటుంది. ఆ వాలు తిరగబడి కనిపించినా, రెండు ముద్దలూ ఒకదాని పైన ఒకటి ఉత్తర దక్షిణాలుగా ఉన్నా, అవి రెండు గుంపులయ్యే అవకాశం ఎక్కువ. నిన్నటి చిత్రం పక్కన పెట్టుకుంటే ఇంకా తేలిక. మచ్చలు రోజుకి సుమారు 13 డిగ్రీలు పడమటికి జరుగుతాయి. నిన్న ఒంటరిగా ఉన్నది ఎక్కడికి చేరిందో, కొత్తగా మొలిచింది ఏదో తెలిసిపోతుంది. మీ సొంత నిన్నటి చిత్రం చూసుకోవడం తప్పు కాదు.

తప్పేమిటంటే, టెలిస్కోప్ దగ్గరికి వెళ్లే ముందు ఉపగ్రహం తీసిన ఈరోజు ఫోటో చూసుకోవడం. ఎక్కడ మచ్చ ఉందో తెలిశాక కన్ను దాన్ని ఎలాగైనా చూసేస్తుంది. మంచి అనుభవం ఉన్నవాళ్లకి కూడా ఈ రోగం తప్పదు. అప్పుడు మీ అంకె మీది కాదు, ఉపగ్రహానిది, అదీ సగం సగం. ఫోన్‌ని ఇంట్లో వదిలి వెళ్లడం కన్నా గట్టి మందు దీనికి లేదు. అంకె సిరాతో వేశాక కావాలంటే పోల్చుకోండి. పోల్చాక తప్పిపోయిన మచ్చ కనిపించినా కొట్టేసి దిద్దకండి. పక్కన వ్యాఖ్య రాసుకోవచ్చు.

పద్దులో తేదీ, ప్రపంచ కాలమానంలో సమయం, గాలి నిలకడకి ఒకటి నుంచి ఐదు దాకా అంకె, గుంపులు, మచ్చలు. రోజుకి ఒక్కసారే. మబ్బు పట్టి చూడని రోజు గడి ఖాళీగా ఉండాలి, సున్నా వేయకూడదు. చూసి మచ్చలు లేని రోజు సున్నా వేయాలి, ఖాళీగా వదలకూడదు. చెప్పడానికి ఇంత సులువైన విషయం, ఆచరణలో ఇంతగా గందరగోళపడేది ఇంకోటి లేదు. చక్రం అట్టడుగున ఉన్నప్పుడు, 2019 డిసెంబరులో లాగా, ఆ సున్నాలే అసలు సమాచారం. ఏమీ లేదని విసుగొచ్చి చూడటం మానేసినవాళ్లు తమకి తెలియకుండానే సగటుని పెంచేస్తారు, ఎందుకంటే మచ్చలొచ్చిన రోజే మళ్లీ లెక్కలోకి వస్తారు.

కెమెరాతో పనిచేసేవాళ్లకి

హైడ్రోజన్ ఆల్ఫా గీత, 656.28 నానోమీటర్ల దగ్గర, సూర్యుడి వర్ణావరణాన్ని, అంటే ఉపరితలం పైనున్న పలచటి పొరని, చూపిస్తుంది. అర ఆంగ్‌స్ట్రామ్ వెడల్పున్న ఫిల్టర్‌తో ఒక్కసారిగా భగ్గుమనే సౌరజ్వాలలూ, అంచు మీద ఎగిసే వాయు తోరణాలూ, నల్లటి తీగలూ కనిపిస్తాయి. వృత్తిశాస్త్రవేత్తలకి ప్రపంచం చుట్టూ ఆరు చోట్ల గాంగ్ అనే టెలిస్కోప్‌ల వరుస ఉంది, ఒకటి ఉదయపూర్‌లో. అది బింబం మొత్తాన్ని ఆగకుండా తీస్తుంది. ఔత్సాహికుడు దానితో పోటీపడక్కర్లేదు. ఒకే ఒక్క చురుకైన ప్రాంతాన్ని ఎక్కువ స్పష్టతతో, తక్కువ వ్యవధితో తీయడంలోనే అతని లాభం ఉంది.

సౌరజ్వాల మొదలవడం, శిఖరం, తగ్గడం పట్టుకోవాలంటే పది పదిహేను సెకన్లకొక చిత్రం చాలు. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఎక్స్‌పోజర్. బొమ్మ అందంగా రావాలని హిస్టోగ్రామ్‌ని అంచుదాకా నింపుతారు. జ్వాల లేవగానే పిక్సెళ్లు నిండిపోయి శిఖరం చదునవుతుంది. మామూలు ఉపరితలం 50, 60 శాతం దగ్గర ఉండేలా వదిలిపెడితే జ్వాలకి చోటుంటుంది. రెండో తప్పు, వీడియో చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ప్రతి చిత్రం వెలుగుని దానంతటదే సమం చేయడం. చూడ్డానికి మిణుకుమిణుకు తగ్గుతుంది, కొలతకి పనికిరాకుండా పోతుంది. మూడోది ఫిల్టర్ జరగడం. వేడికి ఎటలాన్ (ఆ సన్నటి ఫిల్టర్‌లోని గాజుపలకల జత) గీత మధ్య నుంచి పక్కకి జరిగితే సూర్యుడిలో ఏ మార్పూ లేకుండానే ప్రకాశం మారుతుంది. అరగంటకోసారి సరిచూసి, సరిచేసిన సమయం రాసుకోండి.

చిత్రం మీద నీటి అలల్లాంటి చారలు పడితే అవి న్యూటన్ వలయాలు. కెమెరాని ఒకటి రెండు డిగ్రీలు వాలిస్తే పోతాయి. గడియారం నెట్‌వర్క్ సమయంతో సరిచూసుకోవాలి. కంప్యూటర్ గడియారం వారంలో కొన్ని సెకన్లు తప్పడం మామూలే.

పదును పెట్టే సాఫ్ట్‌వేర్ గురించి మాత్రం మొహమాటం లేకుండా చెప్పాలి. కృత్రిమ మేధతో నడిచేవి లేని తీగల్ని గీస్తాయి. గోడకి తగిలించుకోవడానికి బాగుంటుంది. శాస్త్రవేత్తకి పంపేది మాత్రం ముడి ఫ్రేములు, డార్క్ (మూత పెట్టి తీసినది), ఫ్లాట్ (సమానమైన వెలుగులో తీసినది), ఇంకా ఏ పని ఏ వరుసలో చేశారో రాసిన కాగితం. పదును పెట్టిన బొమ్మ విడిగా పంపితే ఎవరూ వద్దనరు.

ఈ మధ్య ఈ రంగాన్ని బాగా మార్చింది సోల్ ఎక్స్. క్రిస్టియన్ బ్యుల్ రూపొందించిన ఈ పరికరం గొట్టమంతా త్రీడీ ప్రింటర్‌లో చేసుకోవచ్చు. లోపల 10 మైక్రాన్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల పొడవున్న చీలిక, వెలుగుని సమాంతరం చేసే 80 మిల్లీమీటర్ల కొలిమేటర్, దాన్ని రంగులుగా విడదీసే, మిల్లీమీటరుకి 2400 గీతలున్న గ్రేటింగ్, 125 మిల్లీమీటర్ల కటకం ఉంటాయి. సూర్యుణ్ణి చీలిక మీదుగా జరుపుతూ వర్ణపటాన్ని వీడియో తీస్తే, సాఫ్ట్‌వేర్ ఆ గీతలన్నీ పక్కపక్కన పేర్చి బింబాన్ని కడుతుంది. సూర్యబింబం చీలికలో పట్టాలి కాబట్టి నాభ్యంతరం 450 మిల్లీమీటర్లు దాటకూడదు. మోటార్ ఆపి వదిలేస్తే బింబం చీలిక దాటడానికి రెండు నిమిషాల పైనే పడుతుంది, ఆలోగా గాలి తన పని తాను చేసేస్తుంది. మోటార్‌ని నక్షత్ర వేగానికి ఎనిమిది రెట్లు నడిపితే పావునిమిషంలో అయిపోతుంది. బింబం అడ్డంగా నలిగినట్టు వస్తే వేగానికీ ఫ్రేముల రేటుకీ పొత్తు కుదరలేదని అర్థం. అంచు రంపపు పళ్లలా వస్తే గాలి, లేదా టెలిస్కోప్‌ని మోసే మౌంట్ గేర్లు. బింబానికి అడ్డంగా సన్నటి నల్లగీతలుంటే చీలికలో దుమ్ము. ఊదండి, తుడవకండి.

దీని గొప్పతనం ఏమిటంటే, వీడియోలో గీత మధ్య భాగమే కాదు, పక్కలు కూడా ఉంటాయి. ఆరు నెలల తర్వాత ఎవరైనా శాస్త్రవేత్త అడిగితే అదే వీడియో నుంచి పదార్థం మనవైపు వస్తోందా పోతోందా అని వేగం తీయవచ్చు. అందుకే బింబం తయారయ్యాక వీడియో తుడిచేయడం మూర్ఖత్వం. పారిస్ దగ్గరి మ్యూడాన్ అబ్జర్వేటరీ వందేళ్లకు పైగా ఇదే పద్ధతిలో బింబాలు తీస్తోంది. అక్కడ మబ్బు పట్టిన రోజు ఖాళీని పూడ్చగలిగేది వేరే ఊళ్లో ఎండలో ఉన్న ఇలాంటి చిన్న పెట్టెలే.

గ్రహణం, తోకచుక్కలు

గ్రహణం అనేసరికి అందరూ ఫోటోగ్రాఫర్లవుతారు, అందుకే ఎక్కువ చెప్పను. ఒక్క చోట నిలబడితే సంపూర్ణత రెండు మూడు నిమిషాలు. 2017 ఆగస్టు 21న అమెరికాలో సిటిజన్ కేట్ పేరిట 68 చోట్ల ఒకేరకం టెలిస్కోప్, ఒకేరకం కెమెరా పెట్టి, ఒకరి చేతి నుంచి ఇంకొకరికి అందించినట్టు, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాని గంటన్నర పాటు తీశారు. 2024 ఏప్రిల్ 8న 35 బృందాలు ధ్రువణాన్ని కొలిచే కెమెరాలతో మళ్లీ చేశాయి. ఒకే పరికరం అన్న ఆ నియమమే దాని ప్రాణం. నా దగ్గర ఇంతకన్నా మంచి టెలిస్కోప్ ఉంది అన్నవాళ్లకి అందులో చోటు లేదు, ఉండకూడదు కూడా. ఇలాంటి వాటిలో ఎక్కువ నష్టం చేసేది ఫోకస్. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చేసిన ఫోకస్ గ్రహణం నాటికి నిలవదు. సంపూర్ణతకి పది నిమిషాల ముందు చంద్రవంక కొనల మీద మళ్లీ చేయాలి. ఫిల్టర్ తీసేటప్పుడు గొట్టం కదిలితే మిగిలిన రెండు నిమిషాలూ వెతుకులాటకే సరి. కాబట్టి చీకట్లో చేతులు ఏం చేయాలో ముందే ఇరవై సార్లు సాధన చేయాలి.

టెలిస్కోప్ లేనివాళ్లకి సోహో ఉంది. 1995 డిసెంబరులో ఎగిరిన ఈ నౌకలోని కరోనాగ్రాఫ్ (బింబాన్ని కప్పేసి చుట్టుపక్కలని చూపే కెమెరా) చిత్రాల్లో, సూర్యుడి పక్కనుంచి దూసుకెళ్లే తోకచుక్కల్ని కంప్యూటర్ ముందు కూర్చున్న ఔత్సాహికులు వెతికి పట్టుకుంటున్నారు. 2024 మార్చి నాటికి అయిదు వేలు దాటాయి. వాటిలో ఎక్కువ, ఒకే పెద్ద తోకచుక్క పగిలి ఏర్పడిన క్రాయిట్జ్ కుటుంబానికి చెందిన ముక్కలే. వరస చిత్రాల్లో చుక్క తిన్నగా, సమానమైన వేగంతో కదులుతూ, సూర్యుడి వైపు వెళ్లేకొద్దీ వెలగాలి. ఒక్క చిత్రంలోనే మెరిసి మాయమయ్యేది విశ్వకిరణం తాకిడి. అన్ని చిత్రాల్లో అదే పిక్సెల్‌లో ఉండేది చెడిపోయిన పిక్సెల్. అన్నీ కలిసి ఒకవైపే మెల్లగా జరిగేవి నక్షత్రాలు. ప్రతి చిత్రం సమయమూ, పిక్సెల్ స్థానమూ కలిపి పంపాలి. రెండే చిత్రాల ఆధారంతో తొందరపడి పంపేవాళ్ల వల్ల, సరిచూసేవాళ్ల సమయం పోతుంది.

మబ్బు పట్టినా పనిచేసేది

సౌరజ్వాల ఎక్స్‌రేలు భూమి పగటివైపు అయనావరణం (విద్యుదావేశమున్న పై వాతావరణం) కింది పొరని ఒక్కసారిగా చిక్కబరుస్తాయి. జలాంతర్గాములతో మాట్లాడే అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో కేంద్రాల సంకేతం ఆ పొర మీదుగానే మనకి చేరుతుంది కాబట్టి, దాని బలం చూస్తూ కూర్చుంటే జ్వాల దొరికిపోతుంది. ఆస్ట్రేలియా కేంద్రం 19.8 కిలోహెర్ట్జ్ మీద, అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలోని కేంద్రం 24.0 మీద.

60 సెంటీమీటర్ల భుజమున్న చెక్క చట్రం మీద 50 చుట్లు ఇన్సులేషన్ ఉన్న తీగ చుట్టండి, 120 మీటర్లు పడుతుంది. కొసలు చిన్న యాంప్లిఫయర్ ద్వారా కంప్యూటర్ సౌండ్‌కార్డ్‌కి. సౌండ్‌కార్డ్ సెకనుకి 48 వేల నమూనాలే తీసుకునేదయితే 24 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టే, మెయిన్ కేంద్రం వినిపించదు. 96 వేలది కావాలి. చట్రం తలం కేంద్రం వైపు అంచు చూపేలా తిప్పాలి, ముఖం చూపితే సంకేతం చచ్చిపోతుంది. ఎల్.ఈ.డీ. దీపాలు, ఛార్జర్లు, ఇన్వర్టర్ చేసే రొద పట్టికంతా పొగలా కమ్మేస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఒక పది నిమిషాలు నడిపితే దొంగ ఇంట్లో ఉన్నాడో బయటున్నాడో తెలుస్తుంది.

అయిదు సెకన్లకొక కొలత చాలు. జ్వాల వచ్చినప్పుడు గీత నిటారుగా లేచి, అరగంటో గంటో మెల్లగా దిగుతుంది, సొరచేప రెక్కలా. కొన్ని దారుల్లో లేవడానికి బదులు అదే ఆకారం తలకిందులుగా పడుతుంది. నేల మీదుగా, ఆకాశం మీదుగా వచ్చిన రెండు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం వల్ల అలా జరుగుతుంది, పరికరం పాడవడం కాదు. గీత నిటారుగా అట్టడుగుకి పడి, అక్కడే చదునుగా ఉండి, అంతే నిటారుగా లేస్తే అది సూర్యుడు కాదు, అక్కడ మరమ్మతుకి కేంద్రం ఆపారు. సూర్యోదయ, అస్తమయాల దగ్గర రోజూ వచ్చే లోయల్ని కూడా కొత్తవాళ్లు జ్వాలలుగా పంపుతుంటారు. రెండు వారాల ప్రశాంతమైన రోజుల గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకున్నాకే పంపడం మొదలుపెట్టండి.

కొన్ని నెలలకి తెలిసే గుణకం

మచ్చలు లెక్కపెట్టేవాళ్లకి కొన్ని నెలలు గడిచాక తమ గుణకం ఎంతో తెలుస్తుంది. మొత్తం సమూహం సగటు 64 ఉన్నప్పుడు మీది 80 అయితే మీ గుణకం 0.8. ఇది మార్కు కాదు. మీ కన్నూ, మీ టెలిస్కోపూ, మీ ఊరి గాలీ కలిపిన కొలత. 0.8 వచ్చిందని రేపటి నుంచి తక్కువ మచ్చలు వేసేవాళ్లున్నారు, అంతకన్నా చెడగొట్టే పని లేదు. 0.8 పదేళ్లపాటు 0.8గా ఉంటే బ్రస్సెల్స్‌లో ఎవరికీ ఇబ్బంది లేదు.

టెలిస్కోప్ మార్చాల్సి వస్తే పాతదాన్ని వెంటనే అమ్మకండి. రెండింటితో ఒకే రోజు, పాతదానితో ముందు, కొత్తదానితో తర్వాత, వీలైతే మధ్యలో గంట విరామంతో లెక్కపెట్టి రెండు వేర్వేరు పద్దులు నడపండి. ఏడాదైనా సాగాలి, అప్పుడే మచ్చలు ఎక్కువున్న రోజులూ తక్కువున్న రోజులూ రెండూ పోలికలోకి వస్తాయి. వుల్ఫ్ సన్నటి చుక్కల్ని వదిలేసేవాడు, ఆయన దగ్గర చేరిన వుల్ఫర్ అన్నీ లెక్కపెట్టేవాడు. ఇద్దరూ పదిహేడేళ్ల పాటు పక్కపక్కనే చూశారు. వుల్ఫర్ అంకెని 0.6తో గుణిస్తే వుల్ఫ్ అంకె వస్తుందని అలా తేలింది. జ్యూరిక్ నుంచి బ్రస్సెల్స్ దాకా నూట ఇరవై ఏళ్లు ప్రతి అంకెనీ ఆ 0.6తో గుణిస్తూనే వచ్చారు. 2015 కూర్పులో వుల్ఫర్‌నే ప్రమాణంగా తీసుకుని దాన్ని వదిలేశారు. 1958 దగ్గరి శిఖరం పాత పట్టికలో 201, కొత్త పట్టికలో 285. పాత వ్యాసాల్లోని అంకెని కొత్త వాటితో పోల్చేటప్పుడు ఏ కూర్పుదో ముందు చూసుకోండి.